మూయకూడని కిటికీ

రిపోర్టుల గదిలో కంప్యూటరు తెరకి పైన ప్లాస్టరుతో అంటించిన కాగితం ఒకటి ఉంది. 'ఈ నల్ల కిటికీ మూయరాదు' అని దాని మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. కొత్తగా పనిలో చేరినవాళ్లు అది చదివి గోడకున్న కిటికీ వైపు చూస్తారు. అప్పుడు రక్తం తీసే ఆవిడ, ల్యాబులో అందరూ సూదమ్మ అని పిలిచే ఆవిడ, వాళ్ల భుజం పట్టి ఇటు తిప్పి, తెర మీద ఓ మూల ఉన్న నల్ల చదరాన్ని చూపిస్తుంది.

"అదీ. దాని జోలికి వెళ్లావంటే డాక్టరుగారి నోట పడతావ్. ఆయన నోట పడ్డవాళ్లు మర్నాడు పనిలోకి రావడం నేనింతవరకూ చూళ్లేదు."

ల్యాబు ప్రాణమంతా ఆ నల్ల చదరంలోనే ఉంది. లోపలి గదిలో యంత్రాలు రక్తాన్నీ మూత్రాన్నీ పరీక్షించి తేల్చిన అంకెలన్నిటినీ పోగుచేసి, డాక్టర్ల ఫోన్లకీ రోగుల ఫోన్లకీ పంపే ప్రోగ్రాం అందులో నడుస్తుంది. నడుస్తుందంటే, దానంతట అది నడిచే రకం కాదు. ఎవరో ఒకరు కంప్యూటరు తెరిచి, ఆ కిటికీలో రెండు ముక్కలు టైపు చేసి మొదలుపెట్టాలి. పొరపాటున కిటికీ మూస్తే ప్రోగ్రామూ పోతుంది. కరెంటు పోయి బ్యాటరీ చేతులెత్తేసినా అంతే. అప్పుడిక డాక్టర్ల ఫోన్ల మీద ఫోన్లు, వరండాలో రోగుల గోల, డాక్టరుగారి కేకలు.

ఆ ప్రోగ్రాం రాసింది ఆ గదిలో రిపోర్టులు చూసే ఆవిడ తమ్ముడు. కాగితం రాసి అంటించిందీ వాడే. వాడు వెళ్లిపోయి ఏళ్లు గడిచాయి, కాగితం పసుపురంగుకి తిరిగింది. ప్లాస్టరు ఊడినప్పుడల్లా కొత్తది వేసేది మాత్రం అక్క.

అక్కకి ల్యాబులో రిపోర్టులమ్మ అని పేరు. డాక్టరుగారి భార్య కాబట్టి యజమానురాలే, కానీ ఆ దర్జా ఆమెకి ఏనాడూ ఒంటబట్టలేదు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి తాళం తీస్తుంది, సాయంత్రం అందరూ వెళ్లాక తాళం వేస్తుంది, మధ్యలో రిపోర్టులు చూస్తుంది. డాక్టరుగారు మంచి పనిమంతుడు. ఎంత చిన్న కణమైనా సరే, మైక్రోస్కోపు కింద పెడితే ఆయన కన్నుగప్పి పోలేదు. మైక్రోస్కోపు బయట ఉన్నవి మాత్రం ఆయనకి అంతగా ఆనవు. అందులో భార్య ఒకతె.

కరెంటు పోతే ఆ వీధి వీధంతా విసుక్కుంటుంది. ఎదురుగా జెరాక్సు షాపాయన గట్టిగా తిడతాడు. రిపోర్టులమ్మ పైకి అయ్యయ్యో అంటుంది గానీ, లోపల ఆమె ప్రాణం లేచొస్తుంది. బల్ల కింద బ్యాటరీ ముసలిది, కాసేపు కూనిరాగం తీసి చతికిలబడుతుంది. కరెంటు తిరిగొచ్చేదాకా ఆమె అక్కడే కూర్చుంటుంది. రాగానే గది తలుపు దగ్గరగా వేసి ఫోన్ తీస్తుంది.

"ఆగింది."

"పవరా?" అంటాడు తమ్ముడు అవతల నుంచి.

"పవరే."

"లాగిన్ అవ్వు. నల్ల కిటికీ తెరువు. సీ, డీ, ఖాళీ వదిలి, రిపోర్ట్స్."

"కొట్టాను."

"ఎంటర్. ఇప్పుడు చుక్క. చుక్క పక్కనే గీత. స్టార్ట్."

"గీత ఎటు వాలాలి?"

"కుడివైపుకి. ఎప్పుడూ వాలేవైపే."

"ఎంటర్ కొట్టనా?"

"కొట్టు. ఏమొచ్చింది?"

"లిజనింగ్ అని వచ్చింది."

"సరే, ఉంటా."

లిజనింగ్ అంటే ప్రోగ్రాం లేచి వింటోందని. అంతే. బాగున్నావా అని లేదు, తిన్నావా అని లేదు. అక్కా అన్న పిలుపు అసలే లేదు. ఆ పిలుపుని వాడు ఎంత జాగ్రత్తగా దాటుకుంటూ మాట్లాడతాడో ఆమెకి ప్రతిసారీ తెలుస్తూనే ఉంటుంది.

నిజం చెప్పాలంటే, ఆ గీత ఎటు వాలుతుందో ఆమెకి మొదటి నెలలోనే వచ్చేసింది. కళ్లు మూసుకుని కొట్టమన్నా కొడుతుంది. అయినా అడుగుతుంది. అడిగితే వాడు ఇంకో రెండు ముక్కలు మాట్లాడతాడు. తమ్ముడి గొంతు కోసం మొహం వాచిపోయిన మనిషికి ఆ రెండు ముక్కలు తక్కువేమీ కాదు. ఒక్కోసారి వేలు తగిలిందని అబద్ధమాడి మళ్లీ మొదటి నుంచి చెప్పించుకునేది. వాడు విసుక్కోకుండా చెప్పేవాడు.

ఆమె చెవి అక్కడితో ఆగేది కాదు. వాడి మాటల వెనక ఏం వినపడుతుందా అని ఫోన్ చెవికి అదిమిపెట్టి వినేది. ఒకసారి కుళాయి నీళ్లు బకెట్లో పడుతున్న చప్పుడు. ఒకసారి కుక్కర్ ఈల. ఇల్లు తీసుకున్నాడన్నమాట, వంట చేసుకుంటున్నాడన్నమాట అనుకుంది. ఇంకోసారి గాజుల చప్పుడు వినపడింది. ఆ రోజంతా ఆమె రిపోర్టుల్లో ఏ కాగితం ఎటు పెట్టిందో ఆమెకే తెలియదు. తమ్ముడికి పెళ్లయిందని ఒక అక్కకి గాజుల చప్పుడు చెప్పాల్సొచ్చింది.

ఆ తర్వాత చాన్నాళ్లకి, వాడు "చుక్క పక్కనే" అంటుండగా, పసిబిడ్డ ఏడుపు వినపడింది. పుట్టి ఎన్నాళ్లో కాని గొంతు. ఆ వెనకే ఆడమనిషి మాట, "ఎవరండీ?" అని.

"ల్యాబ్ వాళ్లు," అన్నాడు వాడు.

ఆమె గీత ఎటు వాలాలని ఆ రోజు అడగలేదు. లిజనింగ్ అని రాగానే ఫోన్ పెట్టేసి, మేడ మీదకి వెళ్లింది. ల్యాబు పైనే వాళ్ల కాపురం. అక్కడ ఒకప్పటి వాడి గది ఇప్పుడు ఖాళీ సీసాల అట్టపెట్టెలతో నిండిపోయింది. ఆ పెట్టెల మధ్య నిలబడి, ఎవరికీ వినపడకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పాపో బాబో కూడా తెలియదు. మేనత్తని అయ్యానని సంతోషించడానికి కూడా ఆమెకి హక్కు లేకుండా పోయింది.

హక్కు పోగొట్టుకున్నది తనే. అదే అసలు బాధ.

అమ్మ పోయేనాటికి వాడికి పాపిడి తీసుకోవడం కూడా చేతకాదు. స్నానం చేయించింది ఆమె, బడికి తయారుచేసింది ఆమె, వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది ఆమె. పెళ్లయ్యాక పుట్టింట్లో వాడినొక్కడినీ వదల్లేక వెంటబెట్టుకునే వచ్చింది. డాక్టరుగారు కాదనలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. వాడు పెద్దయ్యాడు, కంప్యూటర్ల పిచ్చి పట్టింది, ల్యాబుకి ఆ ప్రోగ్రాం రాసిచ్చాడు. అప్పటిదాకా చేత్తో రాసి కవర్లలో పెట్టి పంచేవాళ్లు. ప్రోగ్రాం వచ్చాక ల్యాబు పేరు మారుమోగింది. పేరంతా డాక్టరుగారిది. వాడికి దాని మీద ధ్యాసే లేదు.

వాడికున్న ధ్యాసల్లా ఒక్కటే.

"బావా, ఇది ఇలా నా కిటికీలో నడవకూడదు. సర్వీసుగా పెట్టాలి," అనేవాడు.

"నడుస్తోందిగా. ఇంకేం కావాలి?"

"నడుస్తోంది, నేనున్నాను కాబట్టి. రేపు నేను లేకపోతే? ఒక్క పూట ల్యాబ్ ఆపితే సరిగ్గా పెట్టి, రెండు మూడుసార్లు ఆపి చూసి, వదిలేస్తాను. ఇక ఎవరూ ముట్టుకోనక్కర్లేదు."

"నీ ఆటల కోసం నా ల్యాబ్ మూసుకుని కూర్చోమంటావా?"

ఈ వరస చాలాసార్లు నడిచింది. ఒక శనివారం మాట మీద మాట పెరిగింది. అందరి ముందూ, సూదమ్మ చేతిలో సిరంజీతో అలాగే నిలబడిపోయి చూస్తుండగా, వాడు "మీకు సీసాలు తప్ప మనుషులు కనపడరు బావా," అనేశాడు. డాక్టరుగారి మొహం కందగడ్డ అయింది. ఆయన నోరు తెరవకముందే రిపోర్టులమ్మ అడ్డుపడింది. గొడవ ఆపుదామనే అడ్డుపడింది పాపం. కంగారులో నోరు ఎటు పోయిందో, "ఆయన నీడన బతుకుతూ ఆయన మీదే నోరు లేపుతావా?" అంది.

వాడు బావ వైపు చూడలేదు. అక్క వైపు చూశాడు. ఆ చూపు ఆమెకి ఇప్పటికీ నిద్రలో గుర్తొస్తుంది.

మర్నాడు ఆదివారం, ల్యాబుకి సెలవు. వాడు పొద్దంతా కింద ఆ కంప్యూటరు దగ్గరే కూర్చున్నాడు. అది ఆగి మళ్లీ లేచేటప్పుడు ఓ కూత కూస్తుంది. ఆ కూత రెండు మూడుసార్లు మేడ మీదకి వినపడింది. కోపం దాని మీద చూపిస్తున్నాడు కాబోలనుకుని ఆమె దిగలేదు. దిగి ఏం మాట్లాడాలో తెలియలేదు. సాయంత్రం వాడే పైకొచ్చాడు, సంచి సర్దుకున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, తలెత్తకుండా అన్నాడు.

"ఆగితే ఫోన్ చెయ్యి."

అక్కా అనకుండా వాడు ఆమెతో మాట్లాడిన మొదటి మాట అది.

అప్పటి నుంచీ ఇదే బతుకు. ఆగితే ఫోన్, ఆగకపోతే లేదు. కరెంటు సక్రమంగా ఉన్న నెలలు ఆమెకి గడిచేవి కావు. ఒక ఏడు వాడి పుట్టినరోజుకి ఆకాశం మబ్బైనా పట్టలేదు, దీపం రెపరెపలాడనైనా లేదు. సాయంత్రం దాకా ఓపిక పట్టి, చివరికి బల్ల కిందకి వంగి, బ్యాటరీ ప్లగ్గు తనే పీకేసింది. డాక్టరుగారు అవతలి గదిలోంచి కేకలేస్తుంటే, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టుకుని ఫోన్ చేసింది. "పవరా?" అన్నాడు వాడు. "పవరే," అంది. లిజనింగ్ అని వచ్చాక కూడా వాడు వెంటనే పెట్టేయలేదు. ఆమె కూడా ఏమీ అనలేదు. కాసేపు అలా ఇద్దరి ఊపిరీ వినపడి, వాడు "సరే, ఉంటా," అన్నాడు.

ఇలా ఎన్నాళ్లు సాగేదో గానీ, నాణ్యత తనిఖీ అని ఇద్దరు వచ్చారు. గదులన్నీ తిరిగి, ఫ్రిజ్జులు తెరిచి చూసి, చివరికి రిపోర్టుల గదిలో ఆ కాగితం ముందు ఆగారు.

"ఇది ఆగితే ఎవరు మొదలుపెడతారు?"

"నేనేనండీ," అంది రిపోర్టులమ్మ.

"మీరు లేని రోజున?"

సూదమ్మ పైకప్పు చూసింది. కంప్యూటరు దానంతట అదే ప్రోగ్రాం మొదలుపెట్టుకునే ఏర్పాటు ఉండాలని, మళ్లీ వచ్చేసరికి అది లేకపోతే గుర్తింపు ఇవ్వడం కుదరదని చెప్పి వాళ్లు వెళ్లిపోయారు.

ఆ పూట టీ తాగుతూ డాక్టరుగారు తేల్చేశారు. "మాస్టారుని పిలిపిస్తున్నా. ఆదివారం వచ్చి చేసిపెడతాడు."

మాస్టారంటే ఒకప్పుడు కంప్యూటరు కోర్సులు చెప్పిన పెద్దాయన. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఆఫీసుల్లో ఏ మిషన్‌కి జబ్బు చేసినా ఆయనే వైద్యుడు.

"దాన్ని మా తమ్ముడు తప్ప ఇంకెవరు ముట్టుకున్నా పాడవుతుందండీ," అంది ఆమె.

"ఏం, మీ తమ్ముడు మంత్రం వేసి వెళ్లాడా?"

"అది కాదు. వాణ్ణి ఒక మాట అడిగి..."

"ఎన్నాళ్లు అడుగుతావ్? కరెంటు పోయినప్పుడల్లా వాడి కాళ్లావేళ్లా పడాలా మనం?"

పడాలి, అనుకుంది ఆమె. అలాగైనా పడాలి. ఆదివారం ఆ మాస్టారు వచ్చి పని కానిచ్చాడంటే, ఇక కరెంటు పోయినా ఉన్నా ఒకటే. వాడికి ఫోన్ చేయడానికి ఆమెకి ఈ భూమ్మీద ఏ సాకూ మిగలదు. సాకు లేకుండా చేయడానికి ఆమెకి మొహం చెల్లదు. కుళాయి చప్పుడు, కుక్కర్ ఈల, ఆ పసిగొంతు, అన్నీ ఒక్క పూటలో పోతాయి. ఆ వారమంతా అన్నం సహించలేదు. రెండుసార్లు వాడి నంబరు నొక్కి, మోగకముందే కట్ చేసింది. ఆగకుండానే ఆగిందని ఎలా చెబుతుంది?

ఆదివారం పొద్దున్నే మాస్టారు దిగారు. చేతిలో చిన్న సంచి, మెడలో తాడుకి వేలాడే కళ్లజోడు. కుర్చీ సరిచేసుకుని కూర్చుని, తెర పైనున్న కాగితం చదివి ముసిముసిగా నవ్వారు.

"అసలు ఈ సర్వీసంటే ఏంటి మాస్టారూ?" అని అడిగింది ఆమె. తన కొంప ముంచబోయేది ఏదో తెలుసుకుందామని అడిగింది.

"ఏముందమ్మా. ఇప్పుడు మీ ప్రోగ్రాం ఈ కిటికీలో కూర్చుంది. కిటికీ పోతే అదీ పోతుంది. సర్వీసుగా పెట్టామనుకోండి, దానికి కిటికీ అక్కర్లేదు, మీరు లాగిన్ అవ్వనక్కర్లేదు. మిషన్ లేవగానే దాన్నీ లేపుతుంది. మధ్యలో కూలబడితే మళ్లీ లేపుతుంది. తెర మీద కనపడదు, వెనకాల దాని పని అది చేసుకుపోతుంటుంది."

"ఇక మనిషితో పని లేదన్నమాట."

"లేదమ్మా, హాయి," అన్నారు మాస్టారు ఉత్సాహంగా.

ఆయన వేళ్లు గబగబా కదిలాయి. కాసేపటికి ఆగాయి. కళ్లజోడు పైకి తోసుకుని తెర దగ్గరికి వంగారు.

"ఇదెవరో ముందే చేసిపెట్టారమ్మా."

"ఏది?"

"ఇదే. సర్వీసు. రిపోర్ట్స్ అనే పేరుతో ఉంది చూడండి. ఎక్కడ మొదలవ్వాలి, ఎవరి పేరు మీద నడవాలి, పడితే ఎంతసేపట్లో లేవాలి, అన్నీ రాసి ఉన్నాయి. బాగా రాశాడు కూడా. కాకపోతే డిసేబుల్ చేసి ఉంది. అంటే లేవొద్దని చెప్పి పడుకోబెట్టారన్నమాట."

"మధ్యలో వదిలేసి ఉంటాడు," అంది ఆమె.

"చూద్దాం ఉండండి. పైబాణం నొక్కుతూ పోతే ఇక్కడ ఇంతకుముందు కొట్టినవన్నీ ఒక్కొక్కటే వెనక్కి వస్తాయి."

"పైబాణం నొక్కితే వస్తాయా?"

"రాకపోతే ఎలాగమ్మా? మీరు ఇన్నాళ్లూ ప్రతిసారీ అక్షరం అక్షరం కొడుతున్నారా ఏంటి? ఎవరూ చెప్పలేదా?"

"చెప్పలేదు," అంది ఆమె.

ఒక్క మీట. ఆ ఒక్క మీట సంగతి చెప్పి ఉంటే, ఆమె వాడికి ఇన్ని ఫోన్లు చేయనక్కర్లేదు. చుక్క, గీత, ఏదీ అడగనక్కర్లేదు. మిషన్ల గురించి ఇంత తెలిసినవాడికి ఆ సంగతి తెలియకుండా ఉంటుందా?

మాస్టారు నొక్కుతూ పోయారు. తెర మీద ఆమె కొట్టినవే వెనక్కి వెనక్కి వచ్చాయి. సీడీ రిపోర్ట్స్, చుక్క గీత స్టార్ట్. మళ్లీ అవే, మళ్లీ అవే. పసిబిడ్డ ఏడ్చిన రోజుది వాటిలోనే ఎక్కడో ఉంది. ఆమె ప్లగ్గు పీకిన పుట్టినరోజుదీ ఉంది. చాలాసేపటికి అవి అయిపోయి, ఆమె ఎరగని మాటలు మొదలయ్యాయి.

"ఇవి అతనివి," అన్నారు మాస్టారు. "ఇవి తిరగబడి వస్తాయి, మొదటిదాకా వెళ్లి అక్కణ్నుంచి చదవాలి. ఇదుగో, లేవమని చెప్పి ఎనేబుల్ చేశాడు. మిషన్ ఆపి లేపాడు. లేచాక ఎలా ఉందో చూశాడు. మళ్లీ ఆపి లేపాడు, మళ్లీ చూశాడు. ఇక్కడ కావాలని పడగొట్టి కూడా చూశాడు, లేచినట్టే ఉంది. పనిమంతుడే. తర్వాత... ఇదేంటి?"

"ఏమైంది?"

"డిసేబుల్ చేసేశాడు. అన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయని చూసుకుని మరీ ఆపేశాడు. చక్కగా నడిచేదాన్ని ఎవరైనా ఆపుకుంటారా? కాస్త మతిమరుపు మనిషా అమ్మా?"

"కాదు," అంది ఆమె.

ఆ ఆదివారం మేడ మీదకి వినపడిన కూతలు ఆమెకి ఇప్పుడు మళ్లీ వినపడ్డాయి. కోపం చూపిస్తున్నాడనుకుంది. వాడు కూర్చుని, మనిషితో పని లేకుండా అంతా అమర్చి, అది బాగుందని చూసుకుని, ఆ తర్వాత ఒక్క మాటతో దాన్ని పడుకోబెట్టి పైకొచ్చాడు. ఆగితే ఫోన్ చెయ్యి అన్నాడు. ఆగేలా పెట్టి మరీ అన్నాడు. అక్క అంత మాట అన్నాక, అప్పుడప్పుడూ ఫోన్ చెయ్యక్కా అని వాడు మాత్రం ఏ మొహంతో అడుగుతాడు? తను గీత ఎటు వాలుతుందని అడిగిన ప్రతిసారీ, తెలిసే అడుగుతోందని వాడికి తెలుసు. తెలిసే చెప్పాడు.

ఆమెకి కళ్లు మసకబారాయి. కొంగుతో అద్దుకుంది. మాస్టారు ఆ గొడవలేవీ పట్టని మనిషి, సంచిలోంచి మంచినీళ్ల సీసా తీసి తాగుతున్నారు.

డాక్టరుగారు తలుపు తోసుకుని వచ్చారు. "ఏం మాస్టారూ, అయిందా?"

"చేయడానికి ఏముందండీ, మీ బావమరిది ఎప్పుడో చేసిపెట్టాడు. ఒక్క ముక్క కొడితే సరి."

"వాడు చేశాడా? ల్యాబ్ ఆపడానికి వీల్లేదన్నాను కదా!"

"సెలవు రోజున చేశాడు," అంది ఆమె. "మీ ల్యాబ్ ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ఆ సాయంత్రమే వెళ్లిపోయాడు."

డాక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు. "నాతో చెప్పలేదే," అన్నారు నెమ్మదిగా.

"ఎన్నిసార్లు చెప్పాడండీ!"

ఆయన కాగితం వైపు కాసేపు చూసి బయటికి వెళ్లిపోయారు.

మాస్టారు మీటల మీద చేతులు పెట్టబోతే ఆమె ఆపింది. "నేను కొడతాను మాస్టారూ. మీరు చెప్పండి." ఆయన లేచి కుర్చీ ఇచ్చారు. ఆయన చెప్పిన మాటలు ఒక్కొక్కటే కొట్టింది. చివరికి ఎంటర్ మీద వేలు పెట్టి కాసేపు ఆగింది. ఇది నొక్కితే ఇక సాకు లేదు. వాడు ఎదురుచూసే ఫోన్ ఇక ఎప్పటికీ మోగకపోవచ్చు, మోగాలంటే ఆమె ఉత్త చేతులతో చేయాలి. భయం వేసింది. వేసినా నొక్కింది.

కంప్యూటరు ఆపి లేపారు. కూత వినపడింది. తెర మీద ఏమీ రాలేదు, నల్ల కిటికీ లేదు, లిజనింగ్ అన్న మాటా లేదు. ఆమెకి ఇల్లు ఖాళీ చేసినట్టు అనిపించింది.

"ఏమీ కనపడట్లేదండీ."

"కనపడదమ్మా. నడుస్తోంది." మాస్టారు యంత్రంలోంచి ఓ నమూనా రిపోర్టు పంపారు. ఆమె ఫోన్ టింగుమంది. ఇంకోసారి ఆపి లేపారు, మళ్లీ టింగుమంది. ఆయన తృప్తిగా సంచి సర్దుకుని వెళ్లిపోయారు.

ఆమె తెర పైనున్న కాగితాన్ని మెల్లగా ఊడదీసి, చిరక్కుండా బల్ల మీద పెట్టింది. తర్వాత ఫోన్ తీసింది. తలుపు వేయలేదు.

రెండో మోతకే ఎత్తాడు. "ఆగిందా?"

"లేదు."

"మరి?"

"నడుస్తోంది. దానంతట అదే లేచింది. రెండుసార్లు ఆపి చూశాం."

అవతల నీళ్ల చప్పుడేదో ఆగిపోయింది. "ఎవరు చేశారు?"

"నువ్వే చేశావ్ కదరా."

పెట్టేస్తాడేమోనని ఆమె భయపడింది. పెట్టలేదు.

"మరైతే ఎందుకు చేశావ్?" అన్నాడు చివరికి.

గీత ఎటు వాలాలి అని అడగడానికి లేదు. వేలు తగిలిందని చెప్పడానికి లేదు.

"ఊరికే," అంది. "ఊరికే చేశానురా చిన్నా. నీ గొంతు వినాలనిపించింది. ఇన్నాళ్లూ అందుకే చేశాను." కాస్త ఆగి, ఊపిరి తీసుకుని, "ఆ రోజు నేనన్న మాట తప్పురా. మేమే నీ నీడన బతికాం. వింటున్నావా?"

"వింటున్నా."

అంతలో అవతల పసిబిడ్డ ఏదో ముద్దుముద్దుగా అరిచింది. ఏడుపు కాదు, మాటలు నేర్చుకుంటున్న గొంతు. దాని వెనకే గాజుల చప్పుడు దగ్గరికొచ్చింది.

"ఎవరండీ? ల్యాబ్ వాళ్లేనా?"

ఆమె ఫోన్ చెవికి అదిమిపెట్టుకుంది.

"కాదు," అన్నాడు వాడు. "మా అక్క."